విజేతను నిర్ణయించుట యెట్లు?

పండుగనాటి చెడుగుడు పోటీలు చూచిన దివిసీమ శ్రోతలకు ఈ చిక్కు క్రొత్తది కాదు. చీటీలు తీసి జోడులు కట్టుదురు. పాలకాయతిప్పనుండి అవనిగడ్డకు వచ్చిన కుర్రవాండ్రకు మొదటి చీటీలోనే అందరికన్న గట్టి జట్టు తగిలినదనుకొందము. మధ్యాహ్నమునకే వారు బస్సెక్కవలెను. వారికన్న తేలికైన జట్టు సాయంకాలము రెండవ బహుమతి నందుకొనును. ఇది న్యాయమేనా?

ఈ ప్రశ్నయే అమెరికా కళాశాలల ఫుట్‌బాలును చిరకాలముగా వేధించుచున్నది. అది మన కాలిబంతి కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తు ఆట. జట్లు నూటికి మించినవి. ఒక్కొక్కటి యేటికి ఆడునవి పండ్రెండు ఆటలు. అందరును అందరితో తలపడుట పొసగదు. అందువలన పత్రికా విలేఖరులును శిక్షకులును వేరువేరుగా ఓట్లు వేసి ప్రథమస్థానము నిర్ణయించుచుండిరి. 1997లో విలేఖరులు మిషిగన్ జట్టును, శిక్షకులు నెబ్రాస్కా జట్టును ఎన్నుకొనిరి. ఇద్దరును విజేతలే!

2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్ ఏర్పడెను. ఆ నలుగురిని ఎంచుట మాత్రము ఒక సంఘము చేతిలోనే యుండెను. 2023లో పదమూడు ఆటలాడి పదమూడును గెలిచిన ఫ్లోరిడా స్టేట్ జట్టుకు అందు చోటు దొరకలేదు. ముఖ్యమైన ఆటగాడు గాయపడెను గనుక జట్టు బలము తగ్గినదని సంఘము తలచెను. గెలిచిన ఆటలకన్న ఊహకు విలువ హెచ్చుట మాకు సమ్మతము కాదు. మరుసటి యేడు జట్లను పండ్రెండుకు పెంచిరి. అంతకుముందు రెండు ఆటలోడి, ఎనిమిదవ స్థానమున లోనికి వచ్చిన ఒహాయో స్టేట్ విజేత యయ్యెను. ఇక మామూలు ఆటలకు విలువయేమి యని పాతకాలపువారు అడుగుచున్నారు. ఆ మాటలోను కొంత పస లేకపోలేదు.

మన రంజీ ట్రోఫీయు ఈ దారినే నడచినది. 1934లో ఓడినవారు తొలగు నాకౌటు పద్ధతిలో ఆరంభమయ్యెను. 1953-54లో సి. కె. నాయుడుగారి నాయకత్వమున ఆంధ్ర జట్టు ప్రవేశించెను. 1957-58 నుండి మండలములలో లీగు పద్ధతి వచ్చినది. కాని మండలమునకు ఒక్క జట్టుకే ముందుకు పోవు అవకాశము. 1970-71లో రెండింటికి అవకాశమిచ్చిరి. ఆ యేడే తుదియాటలో తలపడిన బొంబాయి, మహారాష్ట్రలు రెండును పడమటి మండలమువే. పాత నియమమే యున్నచో వానిలో నొకటి ఇంటనే కూర్చుండవలసి యుండెడిది.

మా కోరిక చిన్నది. దూరమునుండి వచ్చిన జట్టును మూడు ఆటలైన ఆడనిచ్చి పంపవలెను. పదునారు జట్లున్నచో నాకౌటునకు పదునైదు ఆటలు చాలును. నలుగురేసి చొప్పున నాలుగు గుంపులు చేసి, గుంపులో అందరితో అందరిని ఆడించి, గుంపునకొకరిని పైకి పంపినచో ఇరువదియేడు ఆటలగును. అనగా పండ్రెండు ఆటలు హెచ్చు. చెడుగుడు ఆటకు నలువది నిమిషములు. మొత్తము ఎనిమిది గంటలు. కమిటీవారు ఒక రాత్రి భోజనము, పాఠశాల వరండాలో పడక యేర్పరచినచో సరిపోవును. ప్రక్కనే రెండవ బరి గీసినచో ఆ ఎనిమిది గంటలును నాలుగే యగును.