అడిగిన మాట ఎవరి పద్దులో పడుతోంది?

(అంబేద్కర్ జయంతి వారంలో, వాడలో జరిగిన రాత్రి సమావేశంలో చెప్పిన మాటల పాఠం)



భూమి గురించో, కూలి రేట్ల గురించో మాట్లాడాల్సిన చోట మేం సెల్‌ఫోను సంగతి ఎత్తుకున్నామేంటని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. చివరిదాకా వినండి.

మన తాతల కాలంలో షావుకారు కొట్లో పద్దు పుస్తకం ఉండేది. వేలిముద్ర మనది, లెక్క వాడిది. ఆ పుస్తకంలో ఏం రాశాడో మనకి తెలీదు. మన ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం వాడికి తెలుసు. ఎవరింట్లో జబ్బు, ఎవరింట్లో పెళ్ళి, ఎవరికి ఎంత అవసరం అన్నది చూసుకునే వడ్డీ కట్టేవాడు. మనం అక్షరాలు నేర్చుకున్నది ముందుగా ఆ పుస్తకం చదవడానికే. ఇప్పుడు పుస్తకం మారింది. షావుకారు మనం తీసుకున్న సరుకే రాసేవాడు. ఈ కొత్త పుస్తకంలో మనం అడిగిన ప్రశ్న కూడా రాసుకుంటున్నారు.

ఏ సందేహం వచ్చినా 'గూగులమ్మని అడుగు' అంటున్నాం. 1998లో అమెరికాలో మొదలైన కంపెనీ అది. మన దగ్గర పైసా తీసుకోదు. మరి దానికి డబ్బెక్కడిది? 2023లో దాని ఆదాయంలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రకటనల మీద వచ్చిందే. ఏ మనిషికి ఏ ప్రకటన చూపిస్తే పని జరుగుతుందో తెలియాలంటే ఆ మనిషి ఎవరో తెలియాలి. అందుకే ఏం అడిగాం, ఎన్నింటికి అడిగాం, ఏ ఊరినుంచి అడిగాం, ఏ జవాబు నొక్కాం అన్నీ పద్దు.

"పేరు రాయకుండా నంబరు మాత్రమే పెట్టుకుంటే ఏమవుతుంది?" అని అడగొచ్చు. 2006 ఆగస్టులో ఏఓఎల్ అనే అమెరికా కంపెనీ పరిశోధనల కోసమని చెప్పి ఆరున్నర లక్షల మంది అడిగిన దాదాపు 2 కోట్ల ప్రశ్నల్ని బయటపెట్టింది. పేర్లు తీసేసి నంబర్లు పెట్టింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు పట్టుకుని, ఆ ప్రశ్నలన్నీ వరసగా చదివి, జార్జియా రాష్ట్రంలో ఉన్న ఒక పెద్దావిడ గుమ్మం ముందు నిలబడ్డారు. తన ఊరి గురించి, ఒంటి బాధల గురించి, పెంపుడు కుక్క గురించి ఆమె అడిగిన మాటలే ఆమెని పట్టిచ్చాయి. మనం అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పోగేస్తే అదే మన అడ్రసు.

"దాచుకోడానికి మన దగ్గర ఏముంది మాస్టారూ?" అని ఒకాయన మమ్మల్ని అడిగారు. దానికి మేం రెండు సంగతులు చెప్తాం.

మొదటిది మా బడిలో జరిగింది. పదో తరగతి పిల్ల. పరీక్షలింకా కాలేదు, సంబంధం కుదిర్చారు. 18 నిండకుండా పెళ్ళి ఆపాలంటే ఎవరికి చెప్పాలని వాళ్ళ నాన్న ఫోనులో వెతికింది. ఇంటికి ఉన్నది ఒకటే ఫోను. రెండ్రోజుల తర్వాత అన్న ఏదో వెతకబోయి ఒక అక్షరం కొట్టాడు. కింద పాత ప్రశ్న మొత్తం వచ్చి నిలబడింది. ఆ పిల్ల వాచిన మొహంతో బడికొచ్చింది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం పట్టుకుని, 1098కి ఫోను చేసి, వాడలో తల్లుల్ని వెంటబెట్టుకుని వెళ్ళాం. పెళ్ళి ఆగింది. ఫోను మాత్రం మళ్ళీ ఆ పిల్ల చేతికి రాలేదు. తెలియనివి ఫోనులో వెతకండని క్లాసులో చెప్పింది మేమే. ఎలా వెతకాలో చెప్పలేదు. ఇవాళ ఈ మాటలు చెప్పడానికి అసలు కారణం అదే.

రెండోది మీకందరికీ తెలిసిందే. 1917లో బాబాసాహెబ్ విదేశాల్లో పెద్ద చదువులు చదివొచ్చి బరోడాలో ఉద్యోగానికి వెళ్తే ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పుస్తకంలో పార్సీ పేరు రాసి దిగారు. కొన్నాళ్ళకే సంగతి బయటపడింది. కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. మన సంగతి ఎవరికి తెలియాలి, ఎవరికి తెలియకూడదు అన్నది మన చేతిలో లేకపోతే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? దాచుకోడానికి ఆస్తులు లేకపోవచ్చు. అప్పు ఉంది, జబ్బు ఉంది, కోర్టులో కేసు ఉంది, రేపు పెట్టబోయే సభ ఉంది.

పేరు చూసి మనిషిని కొలిచే బుద్ధి యంత్రానికి కూడా అంటుతుంది. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే నల్లజాతి ప్రొఫెసర్ లటాన్యా స్వీనీ తన పేరు వెతికితే పక్కన అరెస్టుల రికార్డు చూడమనే ప్రకటన వచ్చింది. ఆవిడ ఊరుకోలేదు. చాలా పేర్లతో వెతికి చూసి 2013లో బయటపెట్టింది: నల్లవాళ్ళు ఎక్కువగా పెట్టుకునే పేర్లకి అలాంటి ప్రకటనలు ఎక్కువగా వస్తున్నాయని. పేరులోనే కులం కనపడే మన దేశంలో ఇది ఆలోచించాల్సిన విషయం కాదా?

మరి ఇంతమందిమి దాన్నే ఎందుకు వాడుతున్నాం? ఎంచుకుని వాడుతున్నామా? లేదు. ఫోను కొన్నప్పుడే అందులో పెట్టి ఇచ్చారు. అలా పెట్టించుకోడానికి 2021 ఒక్క ఏడాదిలో గూగుల్ 2,630 కోట్ల డాలర్లు ఫోన్ల కంపెనీలకి, బ్రౌజర్ల కంపెనీలకి, ఇలాంటివాళ్ళకి చెల్లించిందని అమెరికా కోర్టులో తేలింది. మన లెక్కలో దాదాపు 2 లక్షల కోట్ల రూపాయలు. 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా, ఇది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమని తీర్పిచ్చాడు. మన దేశంలోనూ 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో 1,337.76 కోట్ల జరిమానా వేసింది. ఆ తర్వాత 2023 జనవరిలో, భారతదేశంలో కొత్త ఫోన్లలో ఏ సెర్చ్ ఇంజిన్ కావాలో జనమే ఎంచుకునేలా చేస్తామని గూగుల్ ఒప్పుకుంది. ఎంచుకునే హక్కు వచ్చినా, ఎంచుకోవచ్చని తెలియకపోతే లాభమేంటి?

ఎంచుకోడానికి ఏమున్నాయి? మేం వాడి చూసినవి మూడు. డక్‌డక్‌గో అనేది 2008లో మొదలైంది. మనం ఎవరమో, ఏం అడిగామో పద్దు పెట్టుకోనని మాటిచ్చింది. మరి దానికి డబ్బెక్కడిది? అదీ ప్రకటనలే వేస్తుంది. కాకపోతే చెప్పులు అని కొడితే చెప్పుల ప్రకటన చూపిస్తుంది, అంతటితో సరి. రేపు మన వెంటపడదు. దాని జవాబులు చాలావరకు మైక్రోసాఫ్ట్ వాళ్ళ బింగ్ నుంచి తెచ్చుకుంటుంది. రెండోది నెదర్లాండ్స్‌లో ఉన్న స్టార్ట్‌పేజ్. మన పేరు చెప్పకుండా తనే వెళ్ళి గూగుల్‌ని అడిగి జవాబు తెచ్చిస్తుంది. మూడోది బ్రేవ్ సెర్చ్, 2021లో వచ్చింది. ఇది ఒకరి మీద ఆధారపడకుండా సొంతంగా సమాచారం పోగుచేసుకుంటుంది.

ఇవేవీ దేవుళ్ళు కావు. డక్‌డక్‌గో సెర్చ్ వేరు, దాని బ్రౌజరు వేరు. ఆ బ్రౌజరు మైక్రోసాఫ్ట్ వాళ్ళ నిఘా ముక్కలు కొన్నిటిని అడ్డుకోవడం లేదని 2022లో ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. గొడవ అయ్యాకే ఆ ఆగస్టులో అడ్డుకోవడం పెంచారు. నాయకుడినైనా కంపెనీనైనా ఒక కంట కనిపెట్టే ఉండాలి. ఇంకో ఇబ్బంది తెలుగు. తెలుగులో అడిగితే వీటిలో జవాబులు తక్కువగా వస్తున్నాయి. మేం ముందు వీటిలో అడుగుతాం. దొరక్కపోతే, అది బస్సు టైమో సినిమా పేరో అయితే, గూగుల్‌కి వెళ్తాం. ఒంటి సంగతి, అప్పు సంగతి, కేసు సంగతి, సంఘం సంగతి అయితే వెళ్ళం. ఇంగ్లీషులో మాట మార్చి ఇక్కడే మళ్ళీ అడుగుతాం.

మార్చుకోవడం రెండు నిమిషాల పని. క్రోమ్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ అన్నచోట డక్‌డక్‌గో ఎంచుకోవాలి. ఇంట్లో ఒకటే ఫోను అయితే డక్‌డక్‌గో యాప్ వేసుకోండి. అందులో మంట బొమ్మ ఉంటుంది. నొక్కితే అప్పటిదాకా చూసినదంతా ఆ యాప్‌లోంచి తుడిచేస్తుంది. ఆనాడు మా పిల్లకి ఆ బొమ్మ తెలిసుంటే దెబ్బలు తప్పేవి. గూగుల్ ఖాతాలో 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ' ఆపుచేసి, పాతవి చెరిపేయండి.

ఇంతటితో అంతా గుట్టు అనుకోకండి. నెట్టు ఇచ్చే కంపెనీకి మనం ఏ సైటుకి వెళ్ళామో తెలుస్తుంది. నొక్కిన సైటు తన పద్దు తను రాసుకుంటుంది. ఇన్‌కాగ్నిటో అని నల్లటి తెర తెరిస్తే ఎవరికీ తెలియదనుకునేవాళ్ళున్నారు. దాని మీద 2020లో అమెరికాలో దావా పడితే, పోగేసిన వందల కోట్ల రికార్డులు చెరిపేస్తామని 2024లో గూగుల్ రాజీకి వచ్చింది. కాబట్టి కార్యకర్తలు గుర్తుపెట్టుకోండి. కొన్ని మాటలు ఫోనులో కాదు, ఎదురెదురుగా కూర్చునే మాట్లాడుకోవాలి.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా, మనిషి గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చారు. బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగంలో 21వ అధికరణంలోనే ఆ హక్కు ఉందన్నారు. కాగితం మీది హక్కు వాడలోకి దానంతట అది నడిచి రాదని మనకి అనుభవమే. మంచినీళ్ళ చెరువు దగ్గరికైనా మనమే నడిచి వెళ్ళాల్సి వచ్చింది.

ఇవాళ ఇక్కడికొచ్చిన చదువుకున్న పిల్లలకి ఒక పని అప్పగిస్తున్నాం. ఇంటికెళ్ళే ముందు అమ్మ ఫోను, అక్క ఫోను, పక్కింటి పెద్దమ్మ ఫోను తీసుకుని మార్చిపెట్టండి. మార్చి ఊరుకోకండి, ఎందుకు మార్చారో చెప్పండి. పెద్దవాళ్ళు ఆడపిల్ల చేతిలో ఫోను చూసి లాక్కోకండి. ఆ పిల్ల ఏదో అడగాలనుకుంటోంది. అడగనివ్వండి.

జై భీమ్.