ఫ్రీజరుకు వైద్యం ముక్కనుమ మర్నాడే
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగ పాఠం)

దుకాణం ఎలా పెంచుకున్నానో చెప్పమని నన్ను పిలిచారు. నేను మాత్రం దుకాణం ఎలా మునగబోయిందో చెబుతాను. మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

మాది గార మండలం. కళింగపట్నం సముద్రం మా ఊరికి దగ్గరే. రాత్రి గాలి అటునుంచి తిరిగితే తెల్లారేసరికి కిటికీ ఊచలు జిగటగా ఉంటాయి. స్త్రీనిధి అప్పుతో ఒక డీప్ ఫ్రీజరు, కూల్‌డ్రింకులకు అద్దం తలుపు ఫ్రిజ్జు కొన్నాను. రెండు వేసవులు బాగానే నడిచాయి. మూడో ఏడు ఏప్రిల్‌లో, మా అమ్మవారి పండగకి వారం ముందు, ఫ్రీజరు నిండా ఐస్‌క్రీములు దింపాను. మూడో రోజు పొద్దున్న తలుపు తీస్తే కప్పులన్నీ నీళ్లు. కంప్రెసర్ మాత్రం ఆగకుండా కొట్టుకుంటోంది. చెయ్యి వేస్తే కాలుతోంది.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే "ఎండాకాలం కదప్పా, నాలుగు రోజులు పడతాది" అన్నాడు. వచ్చాక "గ్యాసు అయిపోయింది" అని గ్యాసు ఎక్కించాడు. ఇరవై రోజులు నడిచి మళ్లీ ఆగింది. మళ్లీ గ్యాసు ఎక్కించాడు, మళ్లీ డబ్బులు. ఆ నెల కంతు కట్టలేకపోయాను. మా సంఘం వాళ్లే పొదుపులోంచి సర్దారు. ఒక్కరూ మాట అనలేదు. అయినా ఆ సమావేశంలో నేను తలెత్తలేకపోయాను.

చివరికి శ్రీకాకుళం నుంచి ఇంకో మెకానిక్‌ని పిలిపించాను. ఆయన అడుగు రేకు విప్పి నన్ను చూడమన్నాడు. కండెన్సర్ జాలీ అంతా దుమ్ము, పీచు, ఉప్పు కలిసి పాత పరుపు దూదిలా అట్ట కట్టేసింది. రాగి గొట్టం అతుకు దగ్గర పచ్చగా చిలుము పట్టి సన్న బెజ్జం పడింది. "గ్యాసు దీపంలో నూనెలాగ తరిగిపోదమ్మా. మూసిన గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటాది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు మూయకుండా గ్యాసు పోస్తే చిల్లికుండకి నీళ్లు పోసినట్టే" అన్నాడు. ఆ మాట నాకు రెండు గ్యాసుల ముందు తెలిసుంటే బాగుండేది.

ఫ్రీజరు చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని లాగి, ఆ జాలీ ద్వారా బయటికి తోసేస్తుంది. జాలీ మూసుకుపోతే వేడి పోవడానికి దారి లేదు. బయట గాలి కూడా వేడిగా ఉంటే ఇంకేటి చేస్తాది? కంప్రెసర్ విరామం లేకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, ఒకరోజు వైండింగు కాలిపోతుంది. చలికాలంలో అదే మురికితో ఎలాగోలా నెట్టుకొస్తుంది కాబట్టి మనకి తెలియదు.

అందుకని ఇప్పుడు నేను చేసేది చెబుతాను. ముందు ప్లగ్గు తీసేస్తాను. మెత్తని బ్రష్షుతో జాలీ రేకులు వంగకుండా దుమ్ము దులిపి, తడిపి పిండిన గుడ్డతో తుడుస్తాను. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో తుడిస్తే ఉప్పు మీద ఉప్పు. తాగే నీళ్లే వాడతాను. వైర్ల మీద నీళ్లు పడనివ్వను, పూర్తిగా ఆరాకే ప్లగ్గు పెడతాను. ఎండలు ముదిరాక నెలకోసారి ఇదే పని. ఫ్రీజరుని గోడకి జానెడు ఎడంగా, ఎండ తగలని చోటుకి జరిపాను. దాని పక్కన ఖాళీ అట్టపెట్టెలు పేర్చే అలవాటు ఉండేది, మానేశాను.

తలుపు రబ్బరు చూడ్డానికి పది రూపాయల నోటు చాలు. నోటు మధ్యలో పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు వదులైనట్టే. మన తీరంలో గాలికి చెమ్మ ఎక్కువ, ఆ సందులోంచి దూరి లోపల మంచు గడ్డ కడుతుంది. వేలు మందం కట్టేదాకా ఆగకుండా, సరుకు తక్కువ ఉన్న రోజు ఆపి కరగనివ్వండి. కత్తితో పొడవొద్దు. మా తోటికోడలు పొడిచింది, గొట్టం చిల్లి పడింది.

ఐస్‌క్రీముకి మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. తాకి చూస్తే అది తెలియదు, లోపల చిన్న థర్మామీటరు వేలాడదీయండి.

వేసవి సాయంత్రాలు ఓల్టేజీ పడిపోతుంది. స్టెబిలైజరు లేకుండా నడపొద్దు. కరెంటు పోయి వచ్చిన వెంటనే కంప్రెసర్ మీద భారం పడకుండా, మూడు నిమిషాలు ఆగి ఆన్ అయ్యే రకం తీసుకోండి. 2018లో తిత్లీ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుంది కదా. అలాంటప్పుడు తలుపు ఎంత తక్కువ తీస్తే సరుకు అంతసేపు నిలుస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఇప్పుడొచ్చే చాలా ఫ్రీజర్లలో ఆర్ 290 గానీ ఆర్ 600ఏ గానీ ఉంటుంది. అవి మన వంటగ్యాసుకి చుట్టాలే, మంట అంటుకుంటుంది. వెనక స్టిక్కరు చదివించుకోండి. గ్యాసు ఉండగానే మెకానిక్ గొట్టం దగ్గర మంట వెలిగించబోతే ఆపండి.

పాల కేంద్రం నడిపే అక్కలకి ఇదంతా ఇంకా ముఖ్యం. నా దగ్గర పోయింది నా సరుకు. మీ ట్యాంకు 4 డిగ్రీలకి దిగకపోతే పోయేది ఊరందరి పాలు. జనరేటరుని కరెంటు పోయిన రోజు మొదటిసారి తిప్పి చూడ్డం కాదు, వారానికోసారి ట్యాంకు భారం పెట్టి నడిపి చూడాలి. పూసపాటిరేగ, భోగాపురం వైపు చేపలమ్మే చెల్లెళ్లకి కంప్రెసర్ బాధ లేదు గానీ, ఎండల్లో కిలో చేపకి కిలో ఐసు తప్పదు. పెట్టె అడుగున నీళ్లు పోయే బెజ్జం మూసుకుపోకుండా చూసుకోండి, కరిగిన నీళ్లలో నానితే చేప పాడవుతుంది.

ఏప్రిల్‌లో మెకానిక్ దొరకడు, దొరికినా తొందరలో చేసి పోతాడు. జనవరిలో ఖాళీగా ఉంటాడు, ధర కూడా తగ్గిస్తాడు. అందుకే పోయిన ముక్కనుమ మర్నాడు మా వీవోలో ఫ్రీజర్లున్న వాళ్లమంతా కలిసి ఒక్క రోజుకి ఒకే మెకానిక్‌ని పిలిచాం. ఖర్చు పంచుకున్నాం. ఏ అతుకు చూశాడు, ఏ భాగం మార్చాడు, ఎంత తీసుకున్నాడు, అన్నీ వీవో పుస్తకంలో రాయించి సంతకం పెట్టించాం. ఈసారి కూడా అదే రోజు పిలుస్తున్నాం. పక్క ఊళ్ల వాళ్లు చేరాలనుకుంటే సంక్రాంతి లోపల మా వీవోఏ దగ్గర పేరు, ఫ్రీజరు ఎన్ని లీటర్లదో రాయించండి.