ఫారిన్ వెళ్లాక ఇన్‌కమ్ ట్యాక్స్ డిమాండ్ వస్తే: భయపడి కట్టేయకండి, బద్ధకించి వదిలేయకండి

నూజివీడు నుంచి మాట్లాడుతున్నా. మన చుట్టుపక్కల ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఏ ఊరు చూసినా వీధికో పిల్లో పిల్లాడో అమెరికాలోనో, లండన్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. అమ్మానాన్న ఇక్కడ మామిడి తోట చూసుకుంటున్నారు. ఈ మధ్య ఇలాంటి ఇళ్ల నుంచి నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తున్నాయి. "బ్రో, నేను ఇండియా వదిలి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు డబ్బు కట్టమంటున్నారు. ఏం చేయాలి?"

ఈ ఎపిసోడ్ అంతా దీని గురించే. ఒక్క ముక్కలో చెప్పాలంటే, డిమాండ్ వచ్చిందంటే మీరు తప్పు చేశారని తేలిపోయినట్టు కాదు. చాలాసార్లు అది రెండు లెక్కలు కలవలేదని కంప్యూటర్ చెప్పే మాట. కానీ మీరు జవాబు ఇవ్వకపోతే ఆ తప్పుడు లెక్కే మీ బాకీ అయిపోతుంది.

ముందు ఈ నోటీసులు ఎలా పుడతాయో చూద్దాం. మీరు రిటర్న్ వేస్తే అది బెంగళూరులో ఉన్న సీపీసీ, అంటే సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్‌కి వెళ్తుంది. మీరు చెప్పిన లెక్కని వాళ్ల దగ్గరున్న 26ఏఎస్, ఏఐఎస్‌తో పోలుస్తారు. ఏఐఎస్ అంటే మీ పాన్ మీద జరిగిన వడ్డీ, షేర్లు, భూమి లాంటి లావాదేవీల చిట్టా. తేడా వస్తే సెక్షన్ 143(1) కింద ఇంటిమేషన్ వస్తుంది. అందులోనే డిమాండ్ ఉంటుంది.

మన వాళ్లకి ఎక్కువగా జరిగేవి మూడు.

మొదటిది టీడీఎస్. ఇది నాకే జరిగింది. హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేవాణ్ని, పేరు చెప్పను. నెలనెలా జీతంలోంచి టీడీఎస్ కట్ చేశారు, పేస్లిప్‌లో కూడా చూపించారు. కానీ చివరి నాలుగు నెలల డబ్బు గవర్నమెంట్‌కి జమ చేయలేదు. నేను ఉద్యోగం మానేసిన తర్వాత వడ్డీతో కలిపి 42 వేల చిల్లర డిమాండ్ వచ్చింది. అమ్మ అయితే "పోనీలేరా, కట్టేసి వదిలించుకో" అంది. నేను కట్టలేదు. ఎందుకంటే 1961 చట్టంలో సెక్షన్ 205 అని ఒకటుంది. మీ జీతంలోంచి పన్ను కట్ అయిపోయాక, ఆ మేరకు మళ్లీ మిమ్మల్ని అడగకూడదు అంటుంది. కంపెనీ జమ చేయకపోతే వసూలు చేయాల్సింది కంపెనీ దగ్గర. సీబీడీటీ కూడా 2015 జూన్‌లో ఇదే మాట తన అధికారులకి రాసి పంపింది. నేను పేస్లిప్‌లు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ జత చేసి "ఒప్పుకోను" అని జవాబు పెట్టాను. అది ఒక్క రోజులో పోలేదు, నెలలు పట్టింది. కానీ నా జేబులోంచి రూపాయి పోలేదు.

రెండోది తోట డబ్బులు. నాన్నగారు కాపు అమ్మారు. రసాలు, బంగినపల్లి కలిపి మంచి రేటు పలికింది. ఆ నగదు తెచ్చి కొడుకు సేవింగ్స్ అకౌంట్‌లో వేశారు. ఏడాదిలో సేవింగ్స్ అకౌంట్లలో 10 లక్షలు, ఆపైన నగదు పడితే బ్యాంకు ఆ సంగతి డిపార్ట్‌మెంట్‌కి రిపోర్ట్ చేస్తుంది. అక్కడ కంప్యూటర్‌కి కనిపించేదేంటి? ఈ పాన్ మీద ఇంత నగదు ఉంది, రిటర్న్ లేదు. అంతే. మామిడి కాపు మీద వచ్చింది వ్యవసాయ ఆదాయం, దాని మీద ఆదాయపు పన్ను లేదు. కానీ అది మామిడి డబ్బు అని కంప్యూటర్‌కి ఎవరు చెప్పాలి? మీరే చెప్పాలి. పాస్‌బుక్, 1బీ, అడంగల్, కాపు కొన్న వ్యాపారి ఇచ్చిన బిల్లు, ఇవీ ఆధారాలు. తోట నాన్నగారి పేరున ఉంటే ఆదాయం కూడా నాన్నగారిదే. మీకు వచ్చింది తండ్రి ఇచ్చిన డబ్బు, దాని మీద మీకు ఇక్కడ పన్ను పడదు. ఇంకో మాట, మీరు ఎన్నారై అయ్యాక మామూలు సేవింగ్స్ అకౌంట్ అలాగే ఉంచకూడదు, ఎన్ఆర్ఓగా మార్పించుకోవాలి.

మూడోది భూమి అమ్మకం. 30 లక్షలు, ఆపైన రిజిస్ట్రేషన్ జరిగితే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆ వివరం డిపార్ట్‌మెంట్‌కి వెళ్తుంది. మీరు డాలస్‌లో ఉండి, పవర్ ఆఫ్ అటార్నీ మీద మామయ్య అమ్మినా సరే, పాన్ మీదే. ఇక్కడ దూరం లెక్క ముఖ్యం. జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉన్న మున్సిపాలిటీ అయితే, దాని హద్దు నుంచి సూటిగా కొలిచి 2 కిలోమీటర్లు. నూజివీడు ఈ కోవలోకే వస్తుంది. ఆ 2 కిలోమీటర్ల బయట, వేరే ఏ మున్సిపాలిటీ పరిధిలోకీ రాని సాగుభూమి అయితే చట్టం దాన్ని క్యాపిటల్ అసెట్ అనుకోదు, అమ్మినా ఇక్కడ క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. లోపల ఉంటే ఉంది. ఒక ఎకరం ఎక్కడుంది అన్న దాని మీద లక్షల తేడా వస్తుందన్నమాట. జాగ్రత్త, ఇక్కడ పన్ను లేకపోయినా మీరు అమెరికాలో ట్యాక్స్ రెసిడెంట్ అయితే అక్కడి రిటర్న్‌లో చూపించాల్సిందే.

సరే, నోటీసు పుట్టింది. మరి మీకు ఎందుకు తెలియలేదు? అసలు దెబ్బ ఇక్కడే. కాలేజీ అయిపోయిన కొత్తలో మన పాన్ ఎవరు అప్లై చేశారు? నెట్ సెంటర్ అన్న. ఈమెయిల్ ఎవరిది ఇచ్చాడు? ఆయనదే. ఫోన్ నంబర్? మీ పాత సిమ్, రీచార్జ్ లేక ఎప్పుడో ఆగిపోయింది. పాన్ రికార్డులోనో, రిటర్న్‌లోనో ఉన్న ఈమెయిల్‌కి నోటీసు పంపితే చట్టం ప్రకారం మీకు అందినట్టే లెక్క. "నేను చూడలేదు సార్" అంటే కుదరదు. అందుకే ఫ్లైట్ ఎక్కేముందు, ఎక్కేసి ఉంటే ఈ రోజే, ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీ సొంత ఈమెయిల్, నడుస్తున్న నంబర్, అడ్రస్, రెసిడెన్షియల్ స్టేటస్ మార్చుకోండి. ఎన్నారై అయ్యాక ఐటీఆర్-1 వేయకూడదు, అది రెసిడెంట్లకే. మామూలుగా జీతం, వడ్డీ, భూమి ఉన్నవాళ్లకి ఐటీఆర్-2.

ఇప్పుడు నోటీసు చేతికొచ్చింది, ఏం చేయాలి?

ఒకటి, అసలుదో నకిలీదో చూడండి. 2019 అక్టోబర్ 1 నుంచి డిపార్ట్‌మెంట్ పంపే కాగితం మీద డిన్ అనే నంబర్ ఉండాలి. పోర్టల్ హోమ్ పేజీలో లాగిన్ కూడా లేకుండానే ఆ నంబర్ కొట్టి చూడొచ్చు. నాన్నగారికి వాట్సాప్‌లో లింక్ వచ్చి "ఇప్పుడే కట్టండి" అంటే కట్టొద్దని గట్టిగా చెప్పండి.

రెండు, కారణం చదవండి. మొత్తం ఎంత అని కాదు, ఏ లైన్‌లో తేడా వచ్చిందో చూడండి. ఇంటిమేషన్‌లో రెండు కాలమ్‌లు ఉంటాయి, మీరు చెప్పింది, వాళ్లు లెక్కేసింది. తేడా అక్కడే దొరుకుతుంది.

మూడు, జవాబు పెట్టండి. పెండింగ్ యాక్షన్స్‌లో "రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్" ఉంటుంది. అక్కడ "డిమాండ్ ఈజ్ కరెక్ట్" అని ఒకసారి నొక్కారంటే తర్వాత కాదనడానికి లేదు. చూడకుండా దాని మీద వేలు పెట్టకండి. లెక్క నిజంగా సరైనదే అయితే మాత్రం కట్టేయండి, 30 రోజులు దాటితే నెలకి 1 శాతం వడ్డీ పడుతుంది.

నాలుగు, కళ్లకి కనిపించే తప్పు అయితే సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ పెట్టండి. వాదించాల్సిన విషయం అయితే అప్పీల్, దానికి 30 రోజులే గడువు. రెక్టిఫికేషన్ పెట్టాం కదా అని అప్పీల్ గడువు ఆగదు. పెద్ద మొత్తం అయినా, 148 నోటీసు అయినా ఆడిటర్‌ని పెట్టుకోండి, యూట్యూబ్ చూసి జవాబు రాయకండి. నా వీడియో చూసి కూడా. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి. అయినా పాత సంవత్సరాల గొడవలకి పాత చట్టమే వర్తిస్తుంది.

"గవర్నమెంట్ లెక్క తప్పవుతుందా బ్రో?" అంటారేమో. అవుతుంది. 2012లో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ రాసిన ఉత్తరాన్ని ఢిల్లీ హైకోర్టు కేసుగా తీసుకుంది. టీడీఎస్ క్రెడిట్ ఇవ్వకపోవడం, చెప్పకుండా పాత బాకీ కింద రీఫండ్‌లు పట్టేసుకోవడం, ఇవే ఫిర్యాదులు. 2013 మార్చిలో కోర్టు డిపార్ట్‌మెంట్‌కి గట్టి ఆదేశాలు ఇచ్చింది. 2024 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ గారు మధ్యంతర బడ్జెట్‌లో, 1962 నాటి నుంచీ సరిచూడని చిన్న చిన్న డిమాండ్లు పుస్తకాల్లో అలాగే ఉన్నాయని చెప్పారు. 2009-10 వరకు 25 వేల లోపు, 2010-11 నుంచి 2014-15 వరకు 10 వేల లోపు డిమాండ్లు ఎత్తేస్తామన్నారు. దాదాపు కోటి మందికి లాభం అన్నారు. అంటే మీరు ఒంటరి కాదు.

ఇది ఇండియా ఒక్కదాని కథే కాదు. ఎంఎస్ చేసి, కొన్నాళ్లు పనిచేసి వెనక్కి వచ్చేసిన వాళ్లకి అమెరికా ఐఆర్ఎస్ నుంచి సీపీ 2000 అనే ఉత్తరం వస్తుంది. అది కూడా బిల్లు కాదు, మా లెక్క ఇదీ, మీరేమంటారు అని అడగడం. అది మీ పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లి, అక్కడే చెత్తబుట్టలో పడుతుంది. అందుకే తిరిగొచ్చేటప్పుడు ఫారం 8822 పంపి అడ్రస్ మార్చుకోండి. మామూలుగా జవాబుకి 30 రోజులు, అమెరికా బయట ఉంటే 60.

చివరిగా అమ్మానాన్న గురించి. మన ఊళ్లో గవర్నమెంట్ కవర్ వస్తే ఇంట్లో వాళ్లు భయపడతారు. అబ్బాయికి చెప్తే అక్కడ కంగారు పడతాడని బీరువాలో పెట్టేస్తారు. గడువు అక్కడే అయిపోతుంది. ఈ రోజు ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట చెప్పండి: "నాన్నా, నా పేరు మీద ఏ కవర్ వచ్చినా చింపి ఫోటో తీసి పంపించు, నేను చూసుకుంటా." డబ్బు పంపడం కంటే ముందు చేయాల్సిన పని ఇదేనండి.

మీకు వచ్చిన నోటీసు ఏ సెక్షన్ కిందదో కామెంట్‌లో రాయండి. పాన్ నంబర్ మాత్రం ఎవ్వరూ రాయొద్దు. తోట అమ్మే ఎన్నారైలకి టీడీఎస్ ఎంత కట్ చేస్తారు, ముందే ఎలా తగ్గించుకోవచ్చు, అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటానండి.