అర్ధరాత్రి పాట, తెల్లవారాక మాట



1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయిన మనవాళ్ల జ్ఞాపకార్థం జరుపుకుంటున్న ఈ సభలో నన్ను మాట్లాడమన్నారు. విషయం కూడా మీరే ఇచ్చారు: విశ్వాసి మంచి మనసును ఎంచుకోవడం. సరేనన్నాక రెండు వారాలు భయపడ్డాను. అవనిగడ్డలో, ఈ తేదీన, ఒక్క రాత్రిలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవాళ్లు ముందు వరసలో కూర్చుని ఉండగా, మంచి మనసు పెట్టుకోండి అని చెప్పడానికి నేనెవర్ని? మీ దగ్గర చూసి నేర్చుకున్నదాన్నే ఈ పూట మీకు అప్పజెప్పి వెళతాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా ఇల్లు కాస్త మెరక మీద ఉండబట్టి కప్పు ఎగిరిపోయినా ప్రాణాలు దక్కాయి. మూడో రోజున నాగాయలంక వైపు నుంచి మా మేనత్త నడుచుకుంటూ వచ్చింది. మామయ్య లేడు, ఇద్దరు పిల్లలూ లేరు. ఒంటిమీద ఎవరో ఇచ్చిన చీర, చంకలో బురద ముద్దలాంటిదొకటి. ఇల్లున్న చోట వెతుకుతుంటే ఆ ఒక్కటే దొరికిందట. అది వాళ్ల బైబిలు. మా అమ్మ దాన్ని చేటలో పెట్టి ఎండలో ఉంచింది. కాగితాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. అత్త కొబ్బరి ఈనె ఒకటి చీల్చి, నున్నగా గీకి, పేజీల మధ్యకు మెల్లగా దూర్చి ఒక్కోటీ విడదీసేది. పూటకు నాలుగైదు పేజీలు వచ్చేవి. కొన్ని చిరిగిపోయేవి. చిరిగిన ముక్కను కూడా పారేసేది కాదు, అరచేత్తో సాపు చేసి దాని చోట దాన్ని పెట్టేది. ఆ కాగితాల మీద ఉప్పు తెల్లగా పేరుకోవడం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఆ రోజుల్లోనే ఒక పెద్దాయన పరామర్శకు వచ్చాడు. ప్రార్థన చేశాడు. లేచేముందు, "అంతా దేవుని చిత్తం తల్లీ, ఏడవకూడదు, స్తోత్రం చెప్పు" అన్నాడు. అత్త చేతిలో ఈనె కింద పెట్టి, ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్లిపోయింది. ఆయన వెళ్లేదాకా లోపలికి రాలేదు.

మళ్లీ రెండేళ్లకు, ఊడ్పుల కాలంలో, అదే అత్త గట్టు మీద కూర్చుని సద్దన్నం తింటూ మా అమ్మతో, "ఏం చేస్తాం వదినా, దేవుని చిత్తం" అంది. ఈసారి ఆమె మొహంలో కోపం లేదు. చెయ్యి కడుక్కుని తిరిగి మడిలోకి దిగింది.

మాట ఒకటే. ఒకసారి దాన్ని ఆమె చెవిలో పోశారు, ఇంకోసారి అది ఆమె గుండెలోంచి వచ్చింది. నేను మంచి మనసును ఎంచుకోవడం అంటున్నది ఈ రెండోదాన్ని. ఎవరికి వాళ్లు ఎంచుకోవాల్సిందే గాని ఒకరి కోసం ఇంకొకరు ఎంచిపెట్టేది కాదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు సంతోషించమని ఆజ్ఞ ఇచ్చే హక్కు మనకెవరికీ లేదు. లాజరు సమాధి దగ్గర ప్రభువు తానే ఏడ్చాడు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. ఆయన ఆపుకోని కన్నీళ్లను ఆ తల్లి ఎందుకు ఆపుకోవాలి?

మన కూడికల్లో మంచి మనసు అనగానే పౌలు సీలల కథ చెబుతారు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం. ఫిలిప్పీ పట్టణంలో వాళ్లను బెత్తాలతో కొట్టించి, చెరసాల లోపలి గదిలో వేసి, కాళ్లకు బొండ బిగించారు. అర్ధరాత్రి వాళ్లు ప్రార్థిస్తూ పాటలు పాడారు. భూమి కంపించింది, తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు కత్తి దూసి తనను తాను పొడుచుకోబోతే పౌలు కేకవేసి ఆపాడు. ఆ మనిషి ఆ రాత్రే వాళ్ల గాయాలు కడిగాడు. ప్రసంగాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి.

కాని ఆ అధ్యాయం ఇంకా ఉంది. తెల్లవారాక అధికారులు వీళ్లను వదిలేయమని కబురు పంపారు. పౌలు కదల్లేదు. విచారణ లేకుండా, నలుగురి ముందూ, రోమా పౌరులమైన మమ్మల్ని కొట్టించి ఇప్పుడు గుట్టుగా పంపేస్తారా, వాళ్లే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లు భయపడి వచ్చారు. బతిమాలుకున్నారు. అర్ధరాత్రి పాడిన నోరే తెల్లవారాక అడిగింది. ఆ పాటలో ఎంత విశ్వాసముందో ఈ అడగడంలోనూ అంతే ఉందని నేను నమ్ముతాను. పాటను మాత్రం ఉంచుకుని అడగడాన్ని వదిలేసిన బోధ మన పేటల్లో చాలాకాలం చేశారు. కూలి తక్కువిచ్చినా, ఇంటిస్థలం ఇవ్వకపోయినా, సంతృప్తిగా ఉండటమే భక్తి అన్నారు. అది పౌలు నేర్పింది కాదు. ఆ ఫిలిప్పీ సంఘానికే తర్వాత ఆయన బంధకాల్లోంచి ఉత్తరం రాస్తూ, ఉన్నా లేకున్నా తృప్తిగా ఉండటం తాను నేర్చుకున్నానన్నాడు. నేర్చుకున్నాననడం గమనించండి. పుట్టుకతో వచ్చిందనలేదు. వెంటనే వచ్చిందనీ అనలేదు.

సముద్రం పక్కన బతికే మనకు మాత్రం అపొస్తలుల కార్యముల్లోనే 27వ అధ్యాయం ఇంకా దగ్గర. పౌలును ఖైదీగా ఓడలో తీసుకెళ్తున్నారు. తుఫాను కాలం వచ్చేసింది, ప్రయాణం వద్దు అని ఆయన ముందే హెచ్చరించాడు. శతాధిపతి ఓడ నడిపేవాడి మాటా, ఓడ యజమాని మాటా విన్నాడు గాని ఖైదీ మాట వినలేదు. రోజుల తరబడి గాలి ఎటు కొడితే అటు కొట్టుకుపోయారు. ఆశ వదులుకున్నారు. అప్పుడు పౌలు లేచి మొదట అన్న మాటేమిటి? నా మాట విని ఉంటే ఈ నష్టం తప్పేది అని. మంచి మనసున్నవాడు జరిగిన తప్పును దాచిపెట్టడు. ఆ తర్వాతే ధైర్యం చెప్పాడు. పద్నాలుగో రోజు తెల్లవారుతుండగా, కడుపులో ఏదైనా పడాలి, తినండి అని రొట్టె తీసుకుని, కృతజ్ఞత చెప్పి, అందరి ముందూ విరిచి తాను తిన్నాడు. ఓడలో 276 మంది. అందరూ తిన్నారు. ఓడ ముక్కలైంది గాని ఒక్క ప్రాణం పోలేదు. మెలితే ద్వీపంలో ఒడ్డున పడ్డాక, వానలో చలిలో వణుకుతున్న జనం కోసం అపొస్తలుడు మంటకు పుల్లలు ఏరాడు. ఈ పుల్లల సంగతి లేకపోతే నాకు ఆయన ధైర్యవచనాల మీద ఇంత నమ్మకం ఉండేది కాదు.

ఆ మంట వేసింది మాత్రం ద్వీపంలోని వాళ్లే. వాళ్లు క్రైస్తవులు కారు. 1977లో మన దివిసీమకూ అలాంటివాళ్లు వచ్చారు. విజయవాడ నుంచి నాస్తిక కేంద్రం వాళ్లు వచ్చారు, రామకృష్ణ మిషన్ వాళ్లు వచ్చారు, చర్చీల తరఫున కాసా వచ్చింది, మదర్ థెరిసా వచ్చారు. మన మండలి వెంకట కృష్ణారావు గారు ఈ బురదలోనే తిరిగారు. దేవుణ్ణి నమ్మినవాళ్లూ నమ్మనివాళ్లూ పక్కపక్కనే పనిచేశారు. మంచి మనసు మాకొక్కళ్లకే ఉందని క్రైస్తవుడు ఆ దృశ్యం చూశాక అనకూడదు. మరి మన విశ్వాసం అదనంగా ఇచ్చేదేమిటి? ఎవరూ చూడనప్పుడు, ఫొటోలు తీసేవాళ్లు వెళ్లిపోయాక, రెండో ఏడూ మూడో ఏడూ కూడా అదే మనసుతో ఉండటానికి ఒక ఆధారం. సిలువ మీది ప్రభువు ఆ ఆధారం. నాకైతే ఇంకోటి లేదు.

ఈ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి బందరును సముద్రం ముంచింది. సుమారు 30 వేల మంది పోయారంటారు. 1841లో బందరు వచ్చి, 1843లో బడి పెట్టిన మిషనరీ రాబర్ట్ నోబుల్ అప్పటికక్కడే ఉన్నాడు. ఆయన ఇంగ్లండుకు తిరిగి వెళ్లనే లేదు. ఆ మరుసటేడు అక్టోబరులో బందరులోనే కన్నుమూశాడు. బడి మాత్రం నిలిచి, పెరిగి, నోబుల్ కాలేజీ అయింది. ఈ అవనిగడ్డలో కెనడా బాప్టిస్టులు కేంద్రం పెట్టుకుని పనిచేసిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మీలో చాలామంది తాతముత్తాతలు ఆ సంఘాల్లోనే పెరిగారు.

1977లో ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ల పేర్లు చెబితే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. పోయినవాళ్లలో ఎక్కువమంది పాకల్లో ఉన్నవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, కోతకొచ్చిన చేలల్లో కూలికి పోయేవాళ్లు. నీళ్లు అందరి మీదికీ ఒకేలా వచ్చాయి గాని ఎక్కడానికి మేడలు కొందరికే ఉన్నాయి. ఇది దేవుని చిత్తమని నేను అనలేను. ఇది మనం మార్చాల్సిన సంగతి, కొంత మార్చాం కూడా. 1990 మే 9న బందరు దగ్గరే మరో భీకరమైన తుఫాను తీరం దాటింది. ముందే హెచ్చరించారు, లక్షల మందిని ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. ఆ వెయ్యీ తక్కువ కాదు. కాని పదమూడేళ్లలో ఎన్ని వేల ప్రాణాలు మిగిలాయో లెక్కేసుకోండి.

మా అత్త సంగతి పూర్తి చేస్తాను. ఉప్పెన వెళ్లాక వాళ్ల ఎకరం పొలం ఉప్పు పట్టి తెల్లబడింది. పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలవ నీళ్లు వచ్చినప్పుడల్లా చేను నిండా పెట్టి, రెండు మూడు రోజులు నిలవగట్టి, మురుగు కాలవలోకి వదిలేది. మళ్లీ పెట్టేది, మళ్లీ వదిలేది. మొదటి ఏడు నారు మాడిపోయింది. రెండో ఏడు అక్కడక్కడ నిలిచింది. తీపినీళ్లు ఒక్కసారి పెడితే ఉప్పు పోదురా అని నాతో అనేది. ఆమె ఏడ్చిన రాత్రులూ ఉన్నాయి, చర్చికి రానన్న ఆదివారాలూ ఉన్నాయి. ఆ తర్వాత ఏళ్లలో, ఊరికి తుఫాను షెల్టరు కావాలని అర్జీ రాయించి, వేలిముద్రలు వేయించడానికి ఇల్లిల్లూ తిరిగిన ఆడవాళ్లలో ఆమె ఒకతి. పొద్దున అర్జీ పట్టుకుని తిరిగి, సాయంత్రం కూడికలో పాట ఎత్తుకునేది.

అందుకని మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. మీ ఊరి షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కనుక్కోండి. ఆ మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి, తలుపు తెరిపించి, మెట్లెక్కి పైదాకా చూసి రండి. నీళ్లు లేకపోయినా, తలుపు బిగిసిపోయినా, ఆ సోమవారమే మండలాఫీసుకు అర్జీ తీసుకెళ్లండి. ఒక్కరుగా వెళ్లకండి, నలుగురు కలిసి వెళ్లండి.