గోడలకు ముందు నేల
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గోడలు లేచిన తరువాత అందరూ చూస్తారు. అవి లేవకముందు జరిగే పనిని గురించి నాలుగు మాటలు చెప్పమని మా కట్టడపు కమిటీని పెద్దలు ఆదేశించారు. ఇందులో మేము ఒప్పుకొనవలసిన తప్పు కూడ ఒకటి ఉన్నది.

మా ఊరిది నల్లరేగడి నేల. ప్రత్తికి అది బంగారం, కట్టడానికి గండం. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని బీటలు తీస్తుంది. ఆ సంగతి ఆలోచింపక మా పాత హాలును మూడడుగుల పునాదిమీదనే కట్టాము. రెండు ఎండాకాలములు గడవకముందే కిటికీల మూలలనుండి గోడలు బీటలు వారినవి. పూయించాము, మరల పగిలినవి. చివరకు పిల్లల ఆదివారపు బడిని వేపచెట్టు క్రిందికి మార్చవలసి వచ్చింది.

క్రొత్త హాలుకు కూడ తొందరపడ్డాము. శంకుస్థాపనకు తేదీ పెట్టి కార్డులు అచ్చుకిచ్చాము. అప్పుడు సంఘంలో ఒక పెద్దాయన, జీవితమంతా బావులు త్రవ్విన వారు, లేచి "మట్టినడిగారా, అయ్యా?" అన్నారు. ఎవరమూ బదులు చెప్పలేకపోయాము. బండమీద ఇల్లు కట్టినవాని ఉపమానం చిన్ననాటినుండి విన్నాము గాని, అతడు ముందు లోతుగా త్రవ్వాడన్న సంగతి మరచాము. తేదీ వాయిదా వేశాము.

స్థలం నాలుగు మూలలా, నడుమను గోతులు తీయించాము. నాలుగు చోట్ల ఆరడుగులకే గట్టి మొరం తగిలింది. ఈశాన్యపు మూల మాత్రం పదడుగులైనా నల్లమట్టే! అక్కడ ఒకప్పుడు కుంట ఉండేదని ఆ పెద్దాయనే చెప్పారు.

ఇంజనీరుగారు మొరం దొరికినచోట దానిమీదనే పునాది వేయమన్నారు. దొరకనిచోట రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన స్తంభములు వేయమన్నారు. సన్నని గుంతను లోతుగా తీసి, అడుగున కుండవలె వెడల్పు చేసి, ఇనుప చువ్వలతో కాంక్రీటు నింపుతారు. ఆ బుడ్డి వెడల్పు సాధారణంగా స్తంభానికి రెండున్నర రెట్లు. పైన మట్టి ఉబ్బినా అది స్తంభాన్ని లేవనీయదు.

తరువాత తుమ్మ మొద్దులను వేళ్ళతో సహా పెకలించాము. ముగ్గు పోసేటప్పుడు మూలకు ఒకవైపు 3 అడుగులు, మరొకవైపు 4 అడుగులు కొలిచి, ఏటవాలు సరిగా 5 అడుగులు వచ్చేవరకు త్రాడు సర్దాము. ఆపైన ఎదురెదురు మూలల కొలతలు రెండూ సమానమని చూచుకున్నాము. పునాదుల్లో చెదల మందు కొట్టించాము. త్రవ్విన నల్లమట్టిని గచ్చు క్రింద తిరిగి పోయక, మొరం తెప్పించి, పొరపొరకు నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టించాము. వాననీరు గోడల దగ్గర నిలువకుండ చుట్టూ వాలు పెట్టాము.

పైకప్పుకని దాచిన సొమ్ములో కొంత భూమిలోకి పోయింది. "ఇంత ఖర్చయిందే, ఏమీ కనబడదే!" అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి ప్రశ్న న్యాయమైనదే. చందా ఇచ్చిన ప్రతి కుటుంబానికీ లెక్క చూపుతున్నాము, ఆ గోతుల సంగతి చెబుతున్నాము.

కట్టబోవు సంఘములకు మా మనవి ఒక్కటే. కార్డులు అచ్చువేయించే ముందు ఒక గొయ్యి త్రవ్వించండి. ఊరిలో బావులు త్రవ్విన వారుంటే పిలిచి కూర్చోబెట్టండి. మా పిల్లలు వేపచెట్టు నీడలో నేర్చుకున్న పాఠములు చాలు. మీ పిల్లలకు ఆ అవసరం రాకూడదని కోరుతూ, సెలవు తీసుకొంటున్నాము.