బిగువెక్కడ, వదులెక్కడ



సాఫ్ట్‌వేర్ రాసేవారూ, గ్రంథ పరిష్కర్తలూ ఒకే వేదిక మీద కలిసిన అరుదైన సందర్భమిది. ఇద్దరినీ వేధించే ప్రశ్ననే మీ ముందుంచుతాను. ఒక వ్యవస్థను కట్టేటప్పుడు అన్నీ ముందే ఖాయం చేయాలా, అవసరాన్నిబట్టి మారేలా వదిలిపెట్టాలా? మొత్తానికీ ఒకే జవాబు చెప్పబోతే పని చెడుతుందని నా నమ్మకం.

కంప్యూటర్లో ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను, అంటే స్థానాన్ని, కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌ను చూడండి. 1991లో వచ్చిన తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఒకసారి స్థానమిచ్చిన అక్షరాన్ని కదపరాదు, తొలగించరాదు అన్నది 1996 నుంచి నియమం. ఇంత బిగువులోనూ కొన్ని స్థానాలు ఖాళీగా ఉంచారు. 2008లో ౘ, ౙ, 2014లో శాసన పరిష్కర్తలకు ప్రాణప్రదమైన ఴ, 2015లో ౚ, 2021లో నకారపొల్లు ఆ ఖాళీల్లోనే చేరాయి. వాటివల్ల పాత ఫైలు ఒక్కటీ చెడలేదు. అయితే అదే యూనికోడ్ మొదట ప్రపంచ భాషలన్నిటికీ 16 బిట్లలో ఇమిడే 65,536 స్థానాలు చాలనుకుంది. 1996లో ఆ హద్దును 11 లక్షలు దాటించాల్సి వచ్చింది. 16 బిట్లను నమ్ముకున్న జావా వంటి భాషలు ఆ సర్దుబాటు భారాన్ని నేటికీ మోస్తున్నాయి.

మన పాత డీటీపీ ఫాంట్ల కథ ఇంతకన్నా బాధాకరం. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టు, గుడి, ఒత్తు ముక్కలు పేర్చారు. కాగితం మీద అచ్చు ముచ్చటగా వచ్చింది, నిజమే. కానీ అక్కడ ఖాయమైంది అక్షరం కాదు, దాని బొమ్మ. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే కనిపించేది రోమన్ గజిబిజే. ఎందరో రచయితల పుస్తకాలు ఇంకా ఆ ఫైళ్లలోనే చిక్కుకుని ఉన్నాయి.

ఇక వదులుగా ఉండవలసిన చోటు తెర. తెరకు తగ్గట్టు పేజీ అమరిక మారే రెస్పాన్సివ్ వెబ్ డిజైన్‌ను వెబ్ డిజైనర్ ఈతన్ మార్కాట్ 2010లో ప్రతిపాదించినప్పుడు చర్చ ప్రధానంగా వెడల్పు గురించే. తెలుగుకు ఎత్తు కూడా అంతే ముఖ్యం. ఇంగ్లీషు మాటను కొలిచి ఎత్తు బిగించిన బటన్‌లో ‘రాష్ట్రం’ అని పెట్టి చూడండి, కింది ఒత్తులు తెగిపోతాయి. మన లిపిని అరకొరగా చూపించడాన్ని చిన్న లోపమని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

అందుకే డిజైన్ చేసేవారిని నేను అడిగేది ఒకటే: ఇది మారితే ఇతరులు దాచుకున్న పాఠం చెడుతుందా? చెడేటట్లయితే బిగించండి, ముందుముందు చేరేవాటికి చోటు మాత్రం ఉంచండి. చెడనిదైతే చదివేవారి తెరకూ కంటికీ తగినట్టు మారనివ్వండి.

పాత ఫాంట్లు తయారుచేసిన సంస్థలను ఈ సభ ఒక కోరిక కోరాలి. ఏ సంఖ్య దగ్గర ఏ ముక్క ఉందో తెలిపే పట్టికను ప్రతి ఫాంటుకూ బహిరంగంగా ప్రచురించమందాం. ఆ పట్టికలు చేతికొస్తే మార్పిడి సాధనాలు రాయగల యువకులు ఈ హాల్లోనే ఉన్నారు.