మన పెరటి నల్లమల



మా చెల్లెలి కూతురు భర్తతో కలిసి బాలీ దీవికి వెళ్ళొచ్చింది. వచ్చీ రాగానే ఫోనులో ఫోటోలన్నీ చూపించింది. పచ్చటి అడవులు, మెట్లు మెట్లుగా వరిమళ్ళు, గుళ్ళు, నెత్తిన పండ్ల బుట్టలతో నడిచే ఆడవాళ్ళు. "ఉష్ణదేశపు అడవులు ఎంత బాగుంటాయో పెద్దమ్మా!" అని మురిసిపోయింది. ఆ మాటల్లోనే, "మీ మార్కాపురం పక్కన కూడా పెద్ద అడవి ఉందిగా, అందులో ఏం చెట్లుంటాయి?" అని అడిగింది.

శ్రీశైలానికి నేను ఇరవైసార్లన్నా వెళ్ళి ఉంటాను. అయినా నోట మాట రాలేదు. "ఏవో చెట్లమ్మా" అన్నాను. అన్నానే గాని, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదంటే నమ్మండి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

అసలు ఉష్ణదేశం కోసం సముద్రాలు దాటాలా? కర్కటరేఖకు దక్షిణాన ఉన్న మన ఆంధ్రదేశమంతా ఉష్ణమండలమే. కాకపోతే బాలీలో వానలెక్కువ, అక్కడి అడవి ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. మన నల్లమలకి నాలుగైదు నెలలే వాన. అందుకని ఇక్కడి చెట్లు ఎండాకాలంలో ఆకులు రాల్చేసి, ఉన్న తడిని దాచుకుంటాయి. పొదుపు తెలిసిన ఇల్లాలి లాంటి అడవి మనది. శివరాత్రి నాటికి ఆకులు రాలిన కొమ్మల మీద మోదుగ పూలు ఎర్రగా మండుతుంటాయి. తొలకరి పడిందంటే ఆ కొండలే గుర్తుపట్టలేనంత పచ్చబడతాయి.

ఈ అడవి 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఆవలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణలో ఉంది. పులి, చిరుత, ఎలుగు, కణుతులు, దుప్పులు, చెట్ల మీద బెట్లుడుతలు అన్నీ ఉన్నాయి. ఇంకో వింత చెబుతాను. ఇక్కడ నీలం రంగులో మెరిసే సాలీడు ఒకటుంది. గుత్తిలో రైల్వే కలప అడితిలో దొరికితే 1899లో దాన్ని గురించి మొదటిసారి రాశారు. తర్వాత నూరేళ్ళు ఎవరి కంటా పడలేదు. 2001లో మన గిద్దలూరుకీ నంద్యాలకీ మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. పాత చెట్ల తొర్రలే దాని ఇల్లు. చెట్టు కొట్టేస్తే ఇల్లు కూలినట్టే. దాని పేరు పై దేశాల వాళ్ళకి తెలుసు. గిద్దలూరులో కాపురం చేసే మనకి తెలియదు!

ఇంతకీ నాకు బుద్ధి వచ్చిన సంగతి చెప్పాలి. కిందటి వేసవిలో శ్రీశైలం వెళుతూ దారిలో కారు ఆపించాను. ఒక చెంచు ఆమె తునికిపండ్లు పోసుకుని కూర్చుంది. నేను దిగీ దిగగానే ఫోను ఎత్తి ఫోటో తీయబోయాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని, "అడక్కుండా తీస్తావేందమ్మా? నేను మీ ఇంటికాడికొచ్చి ఇట్టా తీస్తే ఊరుకుంటావా?" అంది.

తల కొట్టేసినట్టయింది. మనం ఒకరింటికి వెళితే గుమ్మంలో నిలబడి పిలిచి, కూర్చోమంటేనే కూర్చుంటాం. ఆ మర్యాద అడవికి వచ్చేసరికి ఏమైపోతుంది? శ్రీశైల మల్లన్నను చెంచువాళ్ళు మా అల్లుడంటారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడంటారు. మనం మొక్కే దేవుళ్ళు వాళ్ళింటి అల్లుళ్ళు! అటువంటి వాళ్ళను మనం బొమ్మల్లా చూసి పోతున్నాం.

ఫోను సంచీలో పడేసి ఆమె పక్కన కూర్చున్నాను. తునికిపండు ఎలా తినాలో చూపించింది. ఎదురుగా ఒక చెట్టుంది. బెరడు మొసలి తోలులాగా పలకలు పలకలుగా పగిలి ఉంది. "అది నల్లమద్దమ్మా" అంది. పలకల ఊరిదాన్ని కదా, ఆ చెట్టు ఇక మరిచిపోలేను. ఇరవై ప్రయాణాల్లో నేను నేర్చుకున్న మొదటి చెట్టు పేరు అది.

కనుక, అమ్మా, ఈసారి మల్లన్న దర్శనానికి వెళితే అడవికి కూడా ఒక పూట కేటాయించండి. తుమ్మలబయలు దగ్గర అటవీశాఖ వాళ్ళు జీపుల్లో అడవి చూపిస్తారు. ఆ రోజు ఉందో లేదో ముందుగా కనుక్కుని వెళ్ళండి. అదీ కుదరకపోతే మార్కాపురం రోడ్డు స్టేషనులో పగటిపూట నంద్యాల వైపు రైలెక్కండి. దిగువమెట్ట దాటాక కిటికీ పక్కన కూర్చుంటే చాలు, అడవే మీ ఎదుటికి వస్తుంది.

కోతులకి అరటిపండ్లు విసరకండి. పుణ్యమనుకుంటాం గాని, ఆ తిండికి అలవాటు పడి అవి రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నాయి. పులిహోర తిన్న ప్లాస్టిక్ సంచులు అక్కడే పారెయ్యకండి. ఉప్పు రుచికి దుప్పులు వాటిని మింగుతాయి. వెంట ఒక గుడ్డసంచీ ఉంచుకుని, మన చెత్త మనమే ఇంటికి తెచ్చుకుందాం.

ఇదంతా అడవి మీద జాలితో చెప్పడం లేదు. గుండ్లకమ్మ పుట్టింది ఆ కొండల్లోనే. కంభం చెరువు నిండేది ఆ నీళ్ళతోనే. బిందె నీటి విలువ మన పశ్చిమ ప్రకాశం ఆడవాళ్ళకి వేరే చెప్పాలా?

మా పిల్లను ఈ పండక్కి రమ్మని కబురు పెట్టాను. బాలీ చూసొచ్చిన పిల్లకి నల్లమద్దిని నేనే చూపిస్తాను. ఆ చెంచు ఆమె కనిపిస్తే, ముందు పలకరించి, ఆమె సరేనంటేనే ఫోటో తీసుకుంటాం.

సెలవు.